ఎస్9ని తూకానికి వెయ్యకండి: కొన్ని మొండి సలహాలు

రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో ఎవరింటి అటక మీదైనా పాత యాంట్‌మైనర్ ఎస్9 పడి ఉందంటే సలహాలకు కొదవుండదు. తూకానికి వేసెయ్యమంటారు ఒకరు. హైదరాబాద్‌లో ఎవరో కొంటున్నారట, వచ్చిన కాడికి అమ్మెయ్యమంటారు ఇంకొకరు. అంత శక్తి ఉన్న మెషీన్ కదా, ఏఐకో మరో దానికో వాడుకోవచ్చుగా అంటారు కాస్త చదువుకున్నవాళ్లు. ఈ మూడు మాటలూ వినకండని నా మనవి. నేను చెప్పేవి వీటికి ఎదురు వెళ్లే సలహాలు. వాటి వల్ల డబ్బు రాదు, నెలనెలా కొంత పోతుంది కూడా. అయినా ఇవే సరైనవని గట్టిగా నమ్ముతున్నాను.

ముందు ఆ పెట్టె ఏమిటో తెలియాలి. బిట్‌మెయిన్ కంపెనీ బిట్‌కాయిన్ మైనింగ్ కోసం 2016లో తెచ్చిన మెషీన్ అది. లోపల మూడు హ్యాష్‌బోర్డులు, ఒక్కోదాని మీద 63 చిప్‌లు, మొత్తం 189. అవన్నీ కలిసి సెకనుకు సుమారు 13.5 లక్షల కోట్ల సార్లు ఒకే లెక్క చేస్తాయి. 80 బైట్ల హెడర్ ఒకటి తీసుకుని దానికి షా-256 అనే హ్యాష్ కడతాయి. వచ్చిన జవాబుకు మళ్లీ షా-256 కడతాయి. అది కావలసినంత చిన్న సంఖ్య కాకపోతే హెడర్ చివర ఉన్న 4 బైట్ల నాన్స్ మార్చి మళ్లీ మొదలుపెడతాయి. ఈ లెక్క సాఫ్ట్‌వేర్‌లో రాసి ఉండదు, సిలికాన్‌లోనే గీసి ఉంటుంది. చెరిపి ఇంకోటి రాయడానికి అక్కడ చోటు లేదు.

వేరే పని నేర్పాలని చూడకండి

ఏఐ సంగతి మొదట తేల్చేద్దాం. దానికి కావలసింది కోట్ల కొద్దీ గుణకారాలు. ఎస్9 చిప్‌లో ఉన్నవి కూడికలు, బిట్లను పక్కకు తిప్పడాలు, ఎక్స్‌ఆర్ లాంటి చిన్న లాజిక్కులు. గుణకారం చేసే భాగమే లేదు. ఎన్ని యూట్యూబ్ వీడియోలు చూసినా అది పుట్టుకురాదు.

పాస్‌వర్డ్‌లు కనుక్కోవడానికి పనికొస్తుందన్న మాట కూడా నిలవదు. మీకు తోచిన అక్షరాలను ఈ చిప్‌కు ఇవ్వలేరు, 80 బైట్ల హెడర్ రూపంలో ఇస్తేనే తీసుకుంటుంది. కట్టిన ప్రతి హ్యాషూ మీకు చెప్పదు కూడా. ముందు కనీసం 32 బిట్లు సున్నాలైతేనే, ఇదిగో ఈ నాన్స్ దగ్గర దొరికింది అని కబురు పంపుతుంది. మిగతావన్నీ లోపలే పోతాయి.

మరి ఇలాగే లెక్క చేశానని రుజువు చూపే ఇతర ప్రూఫ్ ఆఫ్ వర్క్ పనులు? అక్కడే చాలామంది ఆశపడతారు. స్పామ్ ఈమెయిళ్లను అడ్డుకోవడానికి ఆడమ్ బ్యాక్ 1997లో హ్యాష్‌క్యాష్ తెచ్చాడు. ఉత్తరం పంపేవాడు కాసేపు లెక్క చేసి, చేశానని రుజువు జతచెయ్యాలన్నది ఆలోచన. బిట్‌కాయిన్‌కు మూలం అదే, కానీ అందులో లెక్క షా-1. ఎస్9కి అది పట్టదు. లైట్‌కాయిన్ వాడే స్క్రిప్ట్ పద్ధతిలో ప్రతి ప్రయత్నానికీ 128 కిలోబైట్ల మెమరీ కావాలి. ఎస్9 చిప్‌లో అంత మెమరీ పెట్టనే లేదు. మొనేరో 2019 నవంబరు నుంచి వాడుతున్న రాండమ్‌ఎక్స్ అయితే ప్రతిసారీ కొత్త చిన్న ప్రోగ్రామ్ పుట్టించి నడపమంటుంది. అది మామూలు కంప్యూటర్ ప్రాసెసర్ చేసే పని. టోర్ నెట్‌వర్క్ 2023లో తన సైట్ల రక్షణకు పెట్టుకున్న ఈక్వి-ఎక్స్ కూడా వేరే లెక్కే.

రాజమండ్రి వాళ్లకు గోదావరి మీది హావ్‌లాక్ వంతెన గురించి చెప్పక్కర్లేదు. 1897లో పని మొదలై, 1900లో రైళ్లకు తెరుచుకుని, పక్కన ఆర్చి వంతెన వచ్చాక 1997లో ఖాళీ అయింది. దాన్ని నడకదారి చెయ్యాలని, పర్యాటకులకు తెరవాలని అప్పటినుంచీ మాట నడుస్తూనే ఉంది. గమనించండి, దాన్ని ఆసుపత్రి చెయ్యమనిగాని, గోదాము చెయ్యమనిగాని ఎవరూ అడగలేదు. వంతెన చెయ్యగలిగింది ఒడ్డు దాటించడమే. రైలు పోతే మనిషిని దాటించమన్నారు. ఎస్9 విషయంలోనూ అడగాల్సింది ఇదే. అది చేసే లెక్క అదే, అందులో మార్పు లేదు. ఆ లెక్క మీద ఎక్కించే సరుకును మార్చగలమా?

మార్చగలం. ఎలాగో చెప్పేముందు, మార్చలేక ఇబ్బంది పడ్డవాళ్ల కథ కొంచెం చెప్పాలి.

లెక్క మారిన గొలుసు వెంట పరుగెత్తకండి

ఒకే లెక్క వాడే నాణేల మధ్య మెషీన్ సులువుగా మారుతుంది. 2017 ఆగస్టులో బిట్‌కాయిన్ క్యాష్ విడిపోయినప్పుడు ఎస్9లు ఏ మార్పూ లేకుండా అటూ ఇటూ తిరిగాయి. డోజీకాయిన్ 2014లో లైట్‌కాయిన్‌తో ఉమ్మడి మైనింగ్‌కు ఒప్పుకోవడంతో, ఆ తర్వాత వచ్చిన ఎల్3+ లాంటి మెషీన్లు ఒక్క శ్రమతో రెండిటి ఫలితమూ పొందాయి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్‌నే వదిలేసింది. గ్రాఫిక్స్ కార్డులున్నవాళ్లు వాటిని గేములాడేవాళ్లకు అమ్ముకున్నారు. ఆ నాణెం కోసమే చేసిన ఆసిక్‌లు, అంటే ఒక్క లెక్కకే గీసిన చిప్‌ల మెషీన్లు, కొన్నవాళ్లకు ఇథీరియం క్లాసిక్ తప్ప చెప్పుకోదగ్గ చోటు మిగల్లేదు.

2018లో జరిగింది ఇంకా కఠినం. ఆ మార్చిలో మొనేరో తవ్వే యాంట్‌మైనర్ ఎక్స్3 ప్రకటన వచ్చింది. ఏప్రిల్‌లో మొనేరో తన లెక్కను కావాలనే మార్చేసింది, ఆ మెషీన్లు చెల్లకూడదని. అక్టోబరులో సియా నాణెం కూడా అదే చేసింది. ఒబెలిస్క్ మెషీన్లకు మాత్రం దారి వదిలి, బిట్‌మెయిన్, ఇన్నోసిలికాన్ మెషీన్లను బయటపెట్టింది. ఆసిక్‌లు కొన్నవాళ్లందరూ దురాశాపరులని అప్పట్లో చాలామంది తేల్చేశారు. నేను ఒప్పుకోను. నిన్నటి నియమాన్ని నమ్మి డబ్బు పెట్టినవాడిది తప్పెలా అవుతుంది? పాత నియమం మీదే ఉండిపోయినవాళ్లు మొనేరో క్లాసిక్, మొనేరో ఒరిజినల్ అని పేర్లు పెట్టుకుని కొంతకాలం నడిపారు. అలాంటి మెషీన్ మీ చేతికొస్తే నా సలహా ఒకటే: కొత్త గొలుసు (బ్లాక్‌చైన్) వెనక పడకండి. పాత నియమంతో సొంత గొలుసు పెట్టుకోండి. దానికి మార్కెట్ విలువ ఉండదు. మెషీన్‌కు పని ఉంటుంది.

మీ పూల్ మీరే పెట్టుకోండి

అసలు సలహా ఇది. ఎస్9 సెట్టింగుల పేజీలో పూల్, అంటే మెషీన్లకు పని పంచే సర్వర్, చిరునామా రాసే గడి ఉంటుంది. అక్కడ ఏ పెద్ద పూల్ పేరో రాయాలని రూలు లేదు. మీ ఇంట్లో ఉన్న రాస్ప్‌బెర్రీ పై చిరునామా రాయొచ్చు. పూల్ నుంచి మెషీన్‌కు పని అందించే పద్ధతిని స్ట్రాటమ్ అంటారు. దాని సర్వర్ ప్రోగ్రామ్ చిన్నది, ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే పిల్లలు రాసుకోగలరు.

ఆ సర్వర్ మెషీన్‌కు పంపే పనిలో కాయిన్‌బేస్ అనే ముక్క ఒకటి ఉంటుంది. బిట్‌కాయిన్‌లో అయితే బహుమతి ఎవరికి చేరాలో అక్కడ రాస్తారు. మీరు అక్కడ మీకు కావలసిన కాగితం తాలూకు 32 బైట్ల షా-256 హ్యాష్ పెట్టండి. కాగితంలో ఏముందో దాన్నిబట్టి ఎవరికీ తెలియదు. కాగితంలో ఒక్క అక్షరం మారినా హ్యాష్ మాత్రం పూర్తిగా మారిపోతుంది. మెషీన్ ఆ ముక్కను హ్యాష్ చేసి హెడర్‌లో మెర్కిల్ రూట్ గడిలో పెట్టుకుని పని మొదలుపెడుతుంది. బిట్‌కాయిన్ కోసం కష్టపడుతున్నానో మీ తాతగారి దస్తావేజు కోసం కష్టపడుతున్నానో దానికి తేడా తెలియదు.

అలా దొరికిన హెడరే ఆ కాగితానికి ముద్ర. ఎంత పని చేయించాలో మీ ఇష్టం. ముందు 50 బిట్లు సున్నాలు కావాలని పెట్టారనుకోండి. ఎస్9కి సగటున 80 సెకన్ల పైచిలుకు పడుతుంది. సెకనుకు కోటి హ్యాష్‌లు కట్టే మామూలు కంప్యూటర్ కోర్‌కు అదే పని మూడున్నరేళ్లు. ఇక సరిచూడటానికి ఫోన్ చాలు, రెప్పపాటులో అయిపోతుంది. కాగితం, కాయిన్‌బేస్ ముక్క, 80 బైట్ల హెడర్ ఈ మూడూ చేతిలో ఉంటే కంపెనీని గాని ఆఫీసును గాని నమ్మాల్సిన అవసరం లేకుండా ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు.

హెడర్‌లో ముందటి బ్లాక్ హ్యాష్ రాసే 32 బైట్ల గడి ఇంకొకటుంది. అందులో ఆ నిమిషానికి బిట్‌కాయిన్‌లో వచ్చిన తాజా బ్లాక్ హ్యాష్ పెట్టండి. ఆ బ్లాక్ పుట్టకముందు ఈ ముద్ర పడే వీలే లేదని దాంతో రుజువవుతుంది. ఫలానా తేదీకి ముందే కాగితం ఉందని చూపాలంటే ఇది సరిపోదు. దానికి 2016 నుంచి ఉన్న ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ వాడుకోవచ్చు, ఉచితమే. రెండూ కలిపితే ముద్రకు అటూ ఇటూ తేదీలు బిగుసుకుంటాయి. కాయిన్‌బేస్ ముక్కలోనే మీ నిన్నటి ముద్ర హ్యాష్ కూడా చేర్చుకుంటే రోజుకో కొక్కెం తగిలి గొలుసు తయారవుతుంది.

దీంట్లో లోపం ఉంది, దాచను. ఎస్9ని రాత్రికో గంట చొప్పున ఏడాది నడిపితే పోగయ్యే పనిని, సెకనుకు 200 లక్షల కోట్ల హ్యాష్‌లు కట్టే ఎస్21 మెషీన్ సుమారు ఒక్క రోజులో తిరిగి చేసేస్తుంది. డబ్బున్నవాడు తలచుకుంటే మీ గొలుసును అబద్ధపు కాగితాలతో మళ్లీ అల్లగలడు. ఓపెన్‌టైమ్‌స్టాంప్స్‌తో తేదీ ఒక్కటే వాడి చేతికి చిక్కదు. తెలివైనవాళ్లు ఇక్కడే ఆగిపోయి, మరి ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ చాలదా, ఎస్9 ఎందుకు అంటారు. చాలు. అయినా నడపమనే అంటాను. మన ఊరి కాగితానికి మన ఊళ్లో, మన కరెంటుతో, మన కళ్లముందు పని జరిగిందన్నది నాకు ముఖ్యం. పైగా ప్రూఫ్ ఆఫ్ వర్క్ అంటే ఏమిటో పుస్తకంలో చదివిన పిల్లవాడికీ, వృథా అయిన ప్రయత్నాలూ మిగిలిన ముద్రా కళ్లారా చూసిన పిల్లవాడికీ చాలా తేడా ఉంటుంది.

ఏ కాగితాలంటారా? గోదావరి జిల్లాల్లో వాటికి కరువా? 1986 ఆగస్టు వరదల నాటి ఫొటోలు ఇంకా ఎన్ని ఇళ్లలో ఉన్నాయో. కాలవల కింది భూముల పాత రసీదులు, కౌలు కాగితాలు, వీలునామాలు ఉన్నాయి. 1898 నాటి మూలాలున్న గౌతమీ గ్రంథాలయం లాంటి చోట చెదకు, తేమకు చిక్కిన పుస్తకాలున్నాయి. వాటిని స్కాన్ చేసే ప్రతిచోటా పక్కన ఒక ఎస్9 ఉండాలని నా కోరిక. స్కాన్‌లో పేజీ మారిందో లేదో చెప్పడానికి హ్యాష్ ఒక్కటే చాలు, నిజమే. కానీ హ్యాష్‌ల జాబితానే ఎవరైనా మార్చేస్తే? ఆ జాబితా మీద పని పోసి ఉంచితే మార్చేవాడికి కనీసం చెమట పడుతుంది.

సంపాదన లెక్క ఒక్కసారి వేసి, మళ్లీ వెయ్యకండి

రోజుకు 144 బ్లాకులు, 2024 ఏప్రిల్ నుంచి బ్లాకుకు 3.125 చొప్పున 450 కొత్త బిట్‌కాయిన్లు. నెట్‌వర్క్ మొత్తం శక్తి సెకనుకు 800 ఎగ్జాహ్యాష్‌లనుకుంటే, ఒక ఎస్9 వాటా నెలకు 0.00023 బిట్‌కాయిన్. బిట్‌కాయిన్ 80 లక్షలు పలికినా అది 1,800 రూపాయలు. మెషీన్ లాగేది 1,350 వాట్లు, ఆపకుండా నడిపితే నెలకు 970 యూనిట్లు. 2022 ఏప్రిల్ టారిఫ్‌లో ఇంటి కనెక్షన్‌కు 400 యూనిట్లు దాటాక యూనిట్ 9 రూపాయల 75 పైసలు. ఒక్క మెషీన్‌కే బిల్లు 8 వేలు దాటుతుంది.

పూల్ వద్దు, ఒంటరిగా తవ్వి మొత్తం బ్లాకూ కొడతానంటే, అదే లెక్కన సగటున 1,100 ఏళ్లకు ఒకటి. రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరాన్ని ఏలుతున్నప్పుడు ఆన్ చేసి ఉంటే ఇవాళ్టికి తగిలి ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

వచ్చిన కాస్తలో కూడా అమ్మినప్పుడు 30 శాతం పన్ను, 1 శాతం టీడీఎస్. మైనింగ్‌కు పెట్టిన సామగ్రి ఖర్చును కొన్న ధరగా లెక్కించబోమని కేంద్రం 2022 మార్చిలోనే పార్లమెంటుకు చెప్పింది. అందుకే డబ్బు ఆశ మొదటి రోజే వదిలేసుకోమంటాను. వదిలేసుకున్నవాడికే ముద్రల పని మీద మనసు నిలుస్తుంది.

ఇక్కడ ఒక్క మాట కోపంగానే చెప్పాలి. ఉండి, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల దగ్గర ఆక్వా కరెంటు రాయితీలో యూనిట్ రూపాయిన్నరకు వచ్చేసరికి, అదే 970 యూనిట్లు 1,455 రూపాయలకు దిగుతాయి. లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. షెడ్డులో ఓ మూల మెషీన్ పెట్టేస్తే ఎవరికి తెలుస్తుందన్న సలహా వెంటనే పుడుతుంది. ఆ కరెంటు అర్ధరాత్రి రొయ్యకు ఊపిరి అందించే ఏరేటర్ల కోసం ఇచ్చింది. ఒక పనికిచ్చిన విద్యుత్తును ఇంకో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు ధర వసూలు చేస్తారు. ఎప్పటినుంచి వాడారో తేలకపోతే 12 నెలలకు లెక్కగడతారు. 135వ సెక్షన్ అయితే దీన్ని దొంగతనం కిందే చూస్తుంది. చట్టం లేకపోయినా ఈ పని చెయ్యకూడదు. పక్క రైతు రాయితీ కూడా ఇలాంటి వాటివల్లే ఎగిరిపోతుంది. మీ ఇంటి మీటరు మీద, మీ డబ్బుతో, గంటో రెండు గంటలో నడపండి.

వేడిని పారెయ్యకండి

ఎస్9లోకి వెళ్లిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. చలి దేశాల్లో దాన్ని గది హీటరుగా వాడతారు. మనకు ఎండాకాలంలో అది శత్రువే. చుట్టూ గాలి 40 డిగ్రీలు దాటితే నడపకూడదని తయారీదారే చెప్పాడు. రాజమండ్రి మే నెల మధ్యాహ్నాలు ఆ హద్దు దాటడం మామూలే కాబట్టి, వేసవిలో తెల్లవారుజామున తప్ప స్విచ్ వెయ్యకండి. ముసురు పట్టిన శ్రావణంలో మాత్రం దాని వెనక నుంచి వచ్చే గాలికి తడిబట్టలు ఆరెయ్యండి. ముద్ర పడుతుంది, చొక్కా ఆరుతుంది. అప్పడాలు, వడియాలు, తాండ్ర మాత్రం ఆ గాలికి పెట్టొద్దు. హీట్‌సింకుల మధ్య ఏళ్లనాటి దుమ్ము ఉంటుంది. చప్పుడు చాలా ఎక్కువ, పడగ్గది పక్కన వద్దు. ప్లగ్గు గీజరుకు వాడే 16 ఆంపియర్లదే కావాలి, ఎర్తింగ్ తప్పనిసరి. అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రపు ఉప్పుగాలి ఊళ్లలో బోర్డులు తొందరగా తుప్పు పడతాయి. వాడనప్పుడు మూతున్న డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి.

బిల్లు భరించలేకపోతే కరెంటు తీసేసి, రెండు హ్యాష్‌బోర్డుల తీగలు విప్పి, ఒక్కదానితోనే నడపండి. ఖర్చు మూడో వంతుకు వస్తుంది. 50 సున్నా బిట్ల ముద్రకు నాలుగు నిమిషాలు పడుతుంది. తొందరేముంది?

బోర్డు చచ్చినా ఊరుకోకండి

హ్యాష్‌బోర్డులు మూడూ పోయిన రోజున కూడా పెట్టెలో పనికొచ్చేవి మిగులుతాయి. 12 వోల్టుల పవర్ సప్లై, 12 వోల్టుల ఫ్యాన్లు, అల్యూమినియం హీట్‌సింకులు ఎవరికైనా ఉపయోగమే. వీటన్నిటికంటే విలువైనది కంట్రోల్ బోర్డు. ఎస్9లో దాని మీద ఉన్నది జైలింక్స్ జింక్ 7010 చిప్. ఒకే చిప్‌లో రెండు ఆర్మ్ కోర్లు, పక్కన ఎఫ్‌పీజీఏ. వేరే లెక్క నేర్పగలమా అని మొదటి నుంచీ అడుగుతున్న ప్రశ్నకు ఔనని చెప్పగలిగిన భాగం మెషీన్ మొత్తంలో ఇదొక్కటే. ఎఫ్‌పీజీఏ లాజిక్‌ను మనమే గీసుకోవచ్చు, చెరిపి మళ్లీ గీసుకోవచ్చు. షా-1 కావాలంటే షా-1, ఇంకేదైనా కావాలంటే అది. వేగం ఆసిక్‌కు దరిదాపుల్లోకి రాదు. కానీ హ్యాష్‌క్యాష్ ముద్ర అడిగేది 20 సున్నా బిట్లే కాబట్టి, సగటున పదిలక్షల ప్రయత్నాల్లో, సెకను తిరక్కుండానే దొరుకుతుంది.

ఈ తరహా జింక్ బోర్డులు కొత్తవి కొనాలంటే విద్యార్థికి భారమే. అందుకని మీ ఊరి పాలిటెక్నిక్‌లోనో ఇంజనీరింగ్ కాలేజీలోనో ఎలక్ట్రానిక్స్ చెప్పే మాస్టారిని కలిసి, మెషీన్ మొత్తంగా ఇవ్వండి. విడిభాగాలుగా వద్దు. హ్యాష్‌బోర్డు ఒక్కటి బతికున్నా పిల్లలు అదే జింక్ నుంచి ఆ చిప్‌లతో మాట్లాడి చూస్తారు. పవర్ సప్లైని మూత తీయకుండానే ఇవ్వండి. స్విచ్ ఆపినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి కొంతసేపు ఉంటుంది. కాలిపోయిన హ్యాష్‌బోర్డులను పాత ఇనుము కొట్టుకు కాకుండా, 2022 ఈ-వ్యర్థాల నిబంధనల కింద నమోదైన రీసైక్లర్‌కే పంపండి. కంట్రోల్ బోర్డు ఇచ్చేటప్పుడు ఎస్‌డీ కార్డు కూడా ఒకటి ఇవ్వండి, లినక్స్ దాని నుంచే బూట్ చేసుకోవచ్చు.